స్పైరోమీటర్ లేకుండా ఊపిరితిత్తుల పరిమాణాలు కొలవడం, పరిగెత్తాక వైటల్ కెపాసిటీ పెరగకపోవడం

జయనగర్_జీవశాస్త్రం (బెంగళూరు)

పదకొండో తరగతి పిల్లలకి శ్వాసక్రియ పాఠం మీద ప్రాక్టికల్ ఒకటి తయారు చేస్తున్నాను. స్కూల్లో స్పైరోమీటర్ (ఊపిరి గాలిని కొలిచే పరికరం) లేదు. 5 లీటర్ల ప్లాస్టిక్ క్యాను నీళ్లతో నింపి టబ్బులో బోర్లించి, అక్వేరియం పైపుతో అందులోకి ఊదిస్తున్నాం. నీళ్లు ఎంత దిగితే అంత వైటల్ కెపాసిటీ (ఛాతీ నిండా పీల్చి పూర్తిగా వదిలితే బయటికొచ్చే గాలి) అని రాసుకుంటున్నాం. కోవిడ్ రోజుల్లో చాలా ఇళ్లలోకి వచ్చిన మూడు బంతుల సాధనం కూడా రెండు ఉన్నాయి.

నా సందేహాలు ఇవి. ఆ మూడు బంతుల మీద 600, 900, 1200 అని ఉంది. వాటిని మి.లీ. గా తీసుకుని ఎంత గాలి పీల్చారో చెప్పొచ్చా? మైదానం చుట్టూ రెండు రౌండ్లు పరిగెత్తి వచ్చాక వైటల్ కెపాసిటీ పెరుగుతుందనుకున్నాం. పెరగలేదు సరికదా, 2.9 లీటర్లున్న అమ్మాయికి 2.8 వచ్చింది. ఇది కొలతలో లోపమా, నిజంగానే అంతా? రెసిడ్యువల్ వాల్యూమ్‌ని, అంటే ఎంత వదిలినా ఊపిరితిత్తుల్లో మిగిలే గాలిని, ఈ క్యానుతో కొలిచే దారి ఏదైనా ఉందా? పుస్తకంలో 1100–1200 మి.లీ. అని ఉంది, పిల్లలేమో "అది ఎలా తెలిసింది?" అని అడుగుతున్నారు.

---

అడయార్_పీఎఫ్‌టీ (చెన్నై)

మొదట మూడు బంతుల సంగతి. అవి పరిమాణాన్ని కొలవవండి, ప్రవాహ వేగాన్ని చూపిస్తాయి. 600 అంటే సెకనుకి 600 మి.లీ. వేగంతో పీలిస్తే మొదటి బంతి లేస్తుందని. ఒక్క క్షణం గట్టిగా పీల్చినా మూడో బంతి లేస్తుంది, అప్పటికి లోపలికి వెళ్లింది 300 మి.లీ. అయినా కావచ్చు. నెమ్మదిగా 3 లీటర్లు పీల్చినవాడికి ఒక్క బంతీ కదలకపోవచ్చు. ఆపరేషన్ తర్వాత ఊపిరి వ్యాయామానికి పెట్టిన వస్తువది. ప్రాక్టికల్లో వాడితే వేగానికీ పరిమాణానికీ తేడా చూపించడానికి వాడండి, అందుకు బాగా పనికొస్తుంది.

ఇక క్యాను. పద్ధతి సరైనదే. జాన్ హచిన్సన్ 1846లో వైటల్ కెపాసిటీ అన్న పేరు పెట్టి, రెండు వేల మందికి పైగా మనుషుల్ని కొలిచింది నీటి మీద తేలే గంట ఆకారపు పాత్రతోనే. కానీ మీ అమరికలో మార్చాల్సినవి కొన్ని ఉన్నాయి.

అక్వేరియం పైపు వెంటనే తీసేయండి. దాని లోపలి వ్యాసం 4–5 మి.మీ. నెమ్మదిగా సాగే ప్రవాహంలో నిరోధం వ్యాసం నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. అంటే వ్యాసం సగమైతే నిరోధం 16 రెట్లు. పిల్లలు బుగ్గలు ఉబ్బించి ఊదుతారు, అలసిపోయి మధ్యలో ఆపేస్తారు, పెదవుల పక్కనుంచి గాలి పోతుంది. వాషింగ్ మెషీన్ నీళ్లు వదిలే పైపు 20 మి.మీ. పైన ఉంటుంది, సరిపోతుంది. సర్జికల్ షాపుల్లో మత్తుమందు యంత్రాలకి వాడే 22 మి.మీ. ముడతల పైపు దొరికితే ఇంకా మంచిది. ముక్కు క్లిప్పు, ఒక్కొక్కరికీ వేరే అట్ట మౌత్‌పీస్ కూడా అక్కడే తీసుకోండి.

గీతలు ఇలా గీయండి. క్యానుని నిటారుగా నిలబెట్టి, కొలపాత్రతో 250 మి.లీ. చొప్పున నీళ్లు పోస్తూ ప్రతిసారీ మట్టం దగ్గర టేపు మీద గీత పెట్టండి. బోర్లించాక గాలి చేరేది క్యాను అడుగు వైపే కాబట్టి ఆ గీతలే నేరుగా గాలి పరిమాణం చెబుతాయి. కంపెనీ అచ్చు వేసిన గీతల్ని నమ్మొద్దు. పలుచటి గోడల నూనె క్యాను కూడా వద్దు. బోర్లించినప్పుడు లోపలి పీడనం తగ్గి గోడలు లోపలికి కుంగుతాయి, అక్కడే 100 మి.లీ. తేడా వస్తుంది. పొడవైన అబ్బాయిలు, పీఈటీ సారు ఊదుతారనుకుంటే 10 లీటర్ల క్యాను పెట్టండి. క్యాను మూతి టబ్బు అడుగుకి ఆనకుండా కింద రెండు ఇటుకలు పెడితే పైపు దూరడానికి చోటుంటుంది. పైపు కొస క్యాను మూతి లోపల, నీళ్లలో ఉండేలా చూడండి. పైపుని క్యాను పైదాకా దూర్చి కొస నీటి మట్టం దాటితే, లోపలి నీటి బరువుకే బయటి గాలి పీల్చుకుని మట్టం దానంతటదే దిగిపోతుంది.

చదివే ముందు చేయాల్సినవి రెండు. ఒకటి, ఒక నిమిషం ఆగండి. ఊపిరిలోంచి వచ్చిన గాలి 37 డిగ్రీలది, అది నీటి ఉష్ణోగ్రతకి చల్లబడాలి. రెండు, క్యానుని పైకీ కిందకీ జరిపి లోపలి నీటి మట్టం, టబ్బు నీటి మట్టం సమానం చేసి అప్పుడు చదవండి. టబ్బు లోతు లేక లోపలి మట్టం 20 సెం.మీ. ఎత్తులో ఉండిపోతే గాలి కొంచెం వ్యాకోచించి ఉంటుంది, రెండు శాతం దాకా ఎక్కువ చూపిస్తుంది.

ఊదించే తీరు దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. కూర్చోబెట్టండి, బెల్టు బిగుతుగా ఉంటే వదులు చేయమనండి, భోజనం చేసిన వెంటనే వద్దు. ఛాతీ పూర్తిగా నిండే దాకా పీల్చడం, పెదవులు బిగించడం, ఇక ఒక్క చుక్క కూడా లేదనే దాకా వదలడం. చాలామంది చివరి అర లీటరు మిగిల్చేస్తారు. బుడగలు ఆగిపోయాక కూడా "ఇంకా, ఇంకా, ఇంకా" అని పక్కనుంచి ఒకరు అంటూనే ఉండాలి. ఒక్కొక్కరికి కనీసం మూడుసార్లు. వాటిలో పెద్దవి రెండూ 150 మి.లీ. లోపు తేడాతో ఉండాలి, లేకపోతే ఇంకోసారి. పెద్దల్లో ఎనిమిదిసార్లు దాటి చేయించం, పిల్లలకి అంతకంటే ముందే విసుగు వస్తుంది. రాసుకోవాల్సింది సగటు కాదు, వచ్చినవాటిలో అన్నిటికంటే పెద్ద విలువ.

దీన్ని బట్టే మీ 2.9, 2.8 సంగతి చూడండి. 100 మి.లీ. తేడా మామూలుగా అదే మనిషి రెండుసార్లు ఊదినప్పుడు వచ్చే తేడాలో కలిసిపోతుంది. అందులోంచి ఏ అర్థమూ తీయకూడదు.

రెసిడ్యువల్ వాల్యూమ్ ఈ క్యానుతో రాదు, ఎంత ఖరీదైన స్పైరోమీటర్‌తోనూ రాదు. బయటికి రాని గాలిని బయట కొలవలేం కదా. దానికి చుట్టుతిరుగుడు దారి ఉంది, పిల్లలకి చెప్పదగ్గది. హీలియం రక్తంలో దాదాపు కరగదు. తెలిసిన పరిమాణమున్న మూసిన వలయంలో తెలిసిన గాఢతతో హీలియం ఉంచి, మామూలు శ్వాస వదిలిన చివర్లో మనిషిని దానికి కలుపుతాం. ఉదాహరణకి వలయం 8 లీటర్లు, హీలియం 10 శాతం. కొన్ని నిమిషాలు ఊపిరి తీసుకున్నాక అది ఊపిరితిత్తుల్లోకి కూడా పరుచుకుని 7.6 శాతం దగ్గర నిలిచిందనుకోండి. కలిసిన కొత్త పరిమాణం 8 × (10 − 7.6) ÷ 7.6, అంటే సుమారు 2.53 లీటర్లు. ఇది ఫంక్షనల్ రెసిడ్యువల్ కెపాసిటీ, మామూలు శ్వాస వదిలాక లోపల మిగిలే గాలి. ఇందులోంచి క్యానుతో కొలిచిన ఎక్స్‌పిరేటరీ రిజర్వ్ వాల్యూమ్ (మామూలుగా వదిలాక ఇంకా గట్టిగా వదలగల గాలి), 1.2 అనుకుందాం, తీసేస్తే 1.33 లీటర్ల రెసిడ్యువల్ వాల్యూమ్. వలయంలో కార్బన్ డయాక్సైడ్‌ని సోడా లైమ్ పీల్చేస్తుంది, ఖర్చయిన ఆక్సిజన్‌ని నిమిషానికి పావు లీటరు లెక్కన నింపుతూ ఉంటారు.

ఇక్కడా లీకే శత్రువు. పెదవుల దగ్గర లీకైతే హీలియం గాఢత ఎప్పటికీ నిలవదు, పడిపోతూనే ఉంటుంది. చెవి కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లలో అక్కడినుంచీ పోతుంది. సీఓపీడీ (శ్వాసదారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు) రోగుల్లో మూసుకున్న దారుల వెనక చిక్కిన గాలి దాకా హీలియం చేరదు, అందుకే విలువ తక్కువ వస్తుంది. అలాంటివాళ్లని గాజు గదిలో కూర్చోబెట్టి బాడీ ప్లెతిస్మోగ్రఫీ చేస్తాం. నోటి గొట్టం షట్టర్ మూసి, అరచేతులతో బుగ్గలు పట్టుకుని మెల్లగా రొప్పమంటాం. ఛాతీలో గాలి నొక్కుకుని వ్యాకోచించే తీరు నుంచి బాయిల్ నియమంతో పరిమాణం తేలుతుంది.

పుస్తకంలో అంకెల గురించి ఒక మాట. 1100–1200 అన్నది పెద్దవాళ్ల సగటు. ఎత్తు, వయసు, లింగం, జనాభాని బట్టి మారుతుంది. మన దక్షిణాది వాళ్ల విలువలు పాశ్చాత్య పట్టికల కంటే తక్కువగా ఉంటాయని మద్రాసులోని క్షయ పరిశోధన కేంద్రం 1990లో ఇక్కడి ఆరోగ్యవంతులైన యువకుల కొలతలతో సమీకరణాలు ప్రచురించినప్పుడే కనిపించింది. పుస్తకాల్లో పెద్ద మగవాళ్ల వైటల్ కెపాసిటీగా రాసే 4.6 లీటర్లు పదహారేళ్ల అమ్మాయికి రాలేదని ఎవరూ కంగారు పడక్కర్లేదు.

ముఖ్యమైనది చివర చెబుతున్నాను. ఆస్తమా అదుపులో లేనివాళ్లు, దగ్గు జ్వరం ఉన్నవాళ్లు, ఈ మధ్య కంటికో పొట్టకో ఆపరేషన్ అయినవాళ్లు ఊదకూడదు. క్యానులోంచి గాలి పీల్చడం ఎవరికీ వద్దు, ఊదడమే. మౌత్‌పీస్ ఒకరిది ఒకరికి ఇవ్వొద్దు. తరగతి అయ్యాక నీళ్లు పారబోసి, పైపుని బ్లీచింగ్ ద్రావణంలో నానబెట్టి ఆరబెట్టండి.

---

మెట్ల_పరీక్ష (బెంగళూరు)

పై సమాధానం చాలా బాగుంది. వ్యాయామం భాగం నేను చెబుతాను, ఎందుకంటే ప్రశ్నలోనే ఒక మెలిక ఉంది.

వైటల్ కెపాసిటీ అంటే మనిషి దగ్గరున్న మొత్తం వెసులుబాటు. పరిగెత్తితే అది పెరగదు. పెరిగేది అందులోంచి ప్రతి శ్వాసకి వాడుకునే వంతు, నిమిషానికి ఎన్నిసార్లు వాడుకుంటామన్నది. గట్టి వ్యాయామం తర్వాత వైటల్ కెపాసిటీ కొంచెం తగ్గడం కూడా మామూలే. శ్వాస కండరాలు అలిసి ఉంటాయి, ఆయాసంలో పూర్తిగా పీల్చి నిలపడం కష్టం, ఛాతీలో రక్తం ఎక్కువ చేరి ఉంటుంది. కాబట్టి పరుగు ముందూ తర్వాతా వైటల్ కెపాసిటీ కొలిస్తే పిల్లలకి "ఏమీ మారలేదు" అన్న తప్పు చిత్రం మిగులుతుంది. కొలవాల్సింది టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసలో వెళ్లి వచ్చే గాలి), శ్వాస సంఖ్య, ఈ రెండిటి లబ్ధమైన నిమిషపు గాలి. అదీ వ్యాయామం జరుగుతుండగానే.

జరుగుతుండగానే అని ఎందుకంటున్నానంటే, ఆపిన కొన్ని సెకన్లలోనే శ్వాస ఒక్కసారిగా పడిపోతుంది, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. మైదానం నుంచి తరగతికి నడిచి వచ్చేసరికి మీరు కొలిచేది కోలుకుంటున్న శ్వాసని. మొదలుపెట్టేటప్పుడూ ఇంతే. మొదటి అడుగుతోనే శ్వాస ఎగుస్తుంది, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ ఇంకా మారక ముందే. మెదడు కాళ్లకి పంపే ఆజ్ఞ, కదిలే కండరాల నుంచి వచ్చే సంకేతాలు శ్వాసకేంద్రాన్ని ముందే తట్టిలేపుతాయి. ఆ తర్వాత మెల్లగా పెరిగి, మధ్యస్థ వ్యాయామంలో 3–4 నిమిషాలకి ఒక మట్టానికి వచ్చి నిలుస్తుంది. "కార్బన్ డయాక్సైడ్ పేరుకుపోతుంది కాబట్టి ఊపిరి పెరుగుతుంది" అని చాలా నోట్సుల్లో రాస్తారు. ధమని రక్తంలో దాని పీడనం మధ్యస్థ వ్యాయామంలో 40 మి.మీ. దగ్గరే ఉంటుంది, తీవ్ర వ్యాయామంలో ఇంకా తగ్గుతుంది. ఈ ఒక్క సంగతి పిల్లలకి సరిగ్గా అందితే ప్రాక్టికల్ సార్థకమే.

స్కూల్లో చేయగలిగే పద్ధతి ఇది. 30 సెం.మీ. ఎత్తు గట్టి బల్ల, కదలనిది. ఫోన్‌లో మెట్రోనోమ్ (తాళం కొట్టే యాప్) నిమిషానికి 96 దెబ్బలకి పెట్టండి. నాలుగు దెబ్బలకి ఒక ఎక్కడం-దిగడం, అంటే నిమిషానికి 24. నాలుగు నిమిషాలు చేయించి, చివరి అర నిమిషం ఊపిరిని సంచిలో పట్టండి. నోట్లో మౌత్‌పీస్, దానికి టీ ఆకారపు గొట్టం, ఒకవైపు గది గాలి లోపలికి మాత్రమే వచ్చే వాల్వ్, ఇంకోవైపు సంచిలోకి మాత్రమే వెళ్లే వాల్వ్. సంచి మందపాటి పాలిథీన్‌ది, 40–50 లీటర్లది. దీని పాత రూపం 1911 నాటి డగ్లస్ సంచి, ఇప్పటికీ మంచి ప్రయోగశాలల్లో యంత్రాల్ని సరిచూసుకునేది దానితోనే. వాల్వు లేకుండా ఒకే సంచిలోకి ఊది మళ్లీ అందులోంచే పీల్చడం మాత్రం చేయనివ్వొద్దు. ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, మెట్లెక్కుతూ ఉంటే నిమిషంలోనే కళ్లు తిరుగుతాయి.

సంచి పట్టేటప్పుడు గడియారం చూసి సరిగ్గా 30 సెకన్లకి ఆపకండి. ఒక శ్వాస వదలడం పూర్తయిన చోట మొదలుపెట్టి, ఇంకో శ్వాస వదలడం పూర్తయిన చోట ఆపి, నిజంగా ఎన్ని సెకన్లు పట్టిందో రాయండి. విశ్రాంతిలో అర నిమిషంలో ఆరేడు శ్వాసలే ఉంటాయి, ఒకటి సగంలో తెగితే ఏడెనిమిది శాతం తప్పు వస్తుంది. అందుకే విశ్రాంతిలో రెండు నిమిషాలు పట్టాలి. శ్వాసల లెక్క సంచి కదలిక చూసి ఇంకొకరు పెట్టాలి. మనిషికి తన ఊపిరి లెక్కిస్తున్నారని తెలిస్తే లయ మారిపోతుంది. మౌత్‌పీస్, ముక్కు క్లిప్పు పెట్టినందుకే టైడల్ వాల్యూమ్ కొంచెం పెరిగి సంఖ్య తగ్గుతుంది, అందుకే ముందు ఐదు నిమిషాలు అలవాటు పడనివ్వండి.

సంచిలోని గాలిని కొలవడానికి 20 లీటర్ల తాగునీటి క్యాను బోర్లించే సాహసం వద్దు, నీళ్లతో ఇరవై కిలోల పైన ఉంటుంది. దాన్ని నిటారుగానే బల్ల మీద ఉంచి, మూతికి గాలి చొరని బిరడా పెట్టి రెండు పైపులు దించండి. సంచి నుంచి వచ్చేది పైన గాలిలోనే ఆగాలి, రెండోది అడుగుదాకా వెళ్లి బయటికి వంగి కింద బకెట్టులోకి దిగాలి. సైఫన్ మొదలైతే నీళ్లు పోతూ సంచిలోని గాలిని అదే లాక్కుంటుంది. సంచి ఖాళీ అవుతుండగా పైపు నొక్కి ఆపండి. ఆలస్యమైతే క్యాను గోడలు లోపలికి కుంగుతాయి, లెక్క పోతుంది. ఆపాక బకెట్టుని పైకెత్తి, రెండు నీటి మట్టాలూ సమానం చేసి ఒకసారి క్లిప్పు వదిలి మళ్లీ బిగించండి. బకెట్టు బరువు తూయండి. 15.4 కిలోల నీళ్లంటే 15.4 లీటర్ల గాలి. ఇదంతా చకచకా చేయాలి, కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కరుగుతూ ఉంటుంది.

లెక్క ఎలా వేయాలో చూపించడానికి ఒక ఉదాహరణ. 50 కిలోల విద్యార్థి, నీటి ఉష్ణోగ్రత 24 డిగ్రీలు, శరీర ఉష్ణోగ్రతకి మార్చే గుణకం 1.084 అనుకుందాం. విశ్రాంతిలో 124 సెకన్లు, 28 శ్వాసలు, 12.9 లీటర్లు. గుణిస్తే 13.98 లీటర్లు. టైడల్ వాల్యూమ్ 0.50 లీటరు, నిమిషానికి 13.5 శ్వాసలు, నిమిషపు గాలి 6.8 లీటర్లు. మెట్ల మీద 31 సెకన్లు, 13 శ్వాసలు, 15.4 లీటర్లు, అంటే 16.7. టైడల్ వాల్యూమ్ 1.28, శ్వాసలు 25, నిమిషపు గాలి 32.3 లీటర్లు.

ఇప్పుడు అసలు విషయం. ముక్కు నుంచి శ్వాసనాళికల దాకా ఉన్న దారిలో మిగిలిపోయే గాలి, డెడ్ స్పేస్, కిలోకి 2.2 మి.లీ. లెక్కన 110 మి.లీ. విశ్రాంతిలో ప్రతి అర లీటరులో అది పోను వాయుగోణులకి చేరేది 390 మి.లీ., నిమిషానికి 5.3 లీటర్లు. మెట్ల మీద 1.17 లీటర్లు చొప్పున నిమిషానికి 29.5. నోటి దగ్గర గాలి 4.8 రెట్లు పెరిగితే వాయుగోణుల దగ్గర 5.6 రెట్లు పెరిగింది. శ్వాస లోతుగా తీయడం వల్ల వచ్చిన లాభమిది. అదే 32 లీటర్లని నిమిషానికి 60 చిన్న శ్వాసలుగా తీసి ఉంటే 6.6 లీటర్లు డెడ్ స్పేస్‌కే పోయేవి. వాల్వు, మౌత్‌పీస్ కలిపి ఉన్న ఖాళీ కూడా దీనికి తోడవుతుంది, అందుకని ఆ భాగం పొట్టిగా, 100 మి.లీ. లోపు ఉంచండి.

తీవ్రత పెంచుకుంటూ పోతే మొదట టైడల్ వాల్యూమ్ పెరుగుతుంది. పైనున్న ఇన్‌స్పిరేటరీ రిజర్వ్‌లోకి (మామూలుగా పీల్చాక ఇంకా పీల్చగల చోటు) ఎక్కువ, కిందనున్న ఎక్స్‌పిరేటరీ రిజర్వ్‌లోకి కొంత. విశ్రాంతిలో గాలి వదలడానికి కండరాల శ్రమ అక్కర్లేదు, వ్యాయామంలో పొట్ట కండరాలు నొక్కి వదిలిస్తాయి. టైడల్ వాల్యూమ్ వైటల్ కెపాసిటీలో 50–60 శాతానికి వచ్చాక ఇక పెరగదు. అంతకు మించి ఛాతీని సాగదీయడం కండరాలకి ఖరీదైన పని. అక్కడి నుంచి శ్వాస సంఖ్యే 40, 50 దాకా ఎక్కుతుంది. శిక్షణ పొందిన క్రీడాకారుల్లో నిమిషపు గాలి 150 లీటర్లు దాటుతుంది.

ఒక జాగ్రత్త. కొంతమంది పిల్లల్లో వ్యాయామం ఆపిన 5–10 నిమిషాలకి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. దగ్గు, పిల్లికూతలు వస్తే కూర్చోబెట్టి, వాళ్లకి డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ ఉంటే వాడించండి. అందుకే మెట్ల పరీక్ష అయ్యాక పావుగంట ఎవరినీ ఇంటికి పంపొద్దు.

---

జయనగర్_జీవశాస్త్రం (బెంగళూరు)

ఇద్దరికీ ధన్యవాదాలు. సైఫన్ పద్ధతి మా ల్యాబులో ఉన్న వస్తువులతోనే అయిపోతుంది. ఆ 1.084 గుణకం ఎక్కడిది? పుస్తకాల చివర ఉన్న పట్టికలో 24 డిగ్రీలకి 1.080 అని ఉంది.

---

పాదరసం760 (చెన్నై)

ఆ పట్టిక సముద్రమట్టానికి, 760 మి.మీ. పీడనానికి రాసింది మేడమ్. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది, అక్కడ గాలి పీడనం 685 మి.మీ. దగ్గర ఉంటుంది. సూత్రం ఇది: (పీడనం − ఆ ఉష్ణోగ్రతలో నీటి ఆవిరి పీడనం) ÷ (పీడనం − 47) × 310 ÷ (273 + ఉష్ణోగ్రత). 24 డిగ్రీల్లో ఆవిరి పీడనం 22.4. వేసి చూడండి, 1.084 వస్తుంది. 47 అన్నది 37 డిగ్రీల్లో ఆవిరి పీడనం.

పట్టిక వాడినా అర శాతం కూడా తేడా లేదు, తరగతికి సరిపోతుంది. తేడా తెచ్చేది ఉష్ణోగ్రత. చెన్నైలో ట్యాంకు నీళ్లు 30 డిగ్రీలుంటే గుణకం 1.045. అంటే ఒకే అమ్మాయి బెంగళూరు చల్లటి నీళ్లలోనూ ఇక్కడి వెచ్చటి నీళ్లలోనూ ఊదితే, సరిదిద్దకపోతే దాదాపు 4 శాతం తేడా కనిపిస్తుంది. 3 లీటర్ల మీద 110 మి.లీ. పైనే. థర్మామీటరు గదిలో కాదు, నీళ్లలో ముంచి చదవండి.

పీడనం ఎక్కువ దెబ్బతీసేది ఆక్సిజన్ వినియోగం లెక్కలో. దాన్ని సున్నా డిగ్రీలకీ, 760కీ, పొడి గాలికీ మార్చి చెప్పాలి. 24 డిగ్రీల్లో బెంగళూరు గుణకం 0.801. అక్కడ 760 అనుకుని వేస్తే 0.892 వస్తుంది, ఫలితం 11 శాతం ఉబ్బిపోతుంది. ఇందులో చాలామంది పడే గొయ్యి వాతావరణం యాప్. అది బెంగళూరుకి కూడా 1012 హెక్టోపాస్కల్స్ అని చూపిస్తుంది, ఎందుకంటే సముద్రమట్టానికి మార్చి ఇస్తుంది. నిజమైనది 912 దగ్గర. ఫోన్‌లో బారోమీటర్ సెన్సర్ ఉంటే దాని అంకె వాడండి.

నీటి మట్టాల తేడాని సరిదిద్దాలన్నా ఇదే. చెన్నైలో గాలి పీడనం 1033 సెం.మీ. నీటి స్తంభానికి సమానం, మీ దగ్గర 930. మట్టం 20 సెం.మీ. ఎత్తులో ఉంటే చదివిన విలువలో 20 ÷ 930 వంతు తీసేయండి.

---

ఉదయపు_పరుగు (బెంగళూరు)

ఇదే దారంలో ఒక అనుబంధ ప్రశ్న. రోజూ కబ్బన్ పార్కులో పరిగెత్తేవాళ్లకి, ప్రాణాయామం చేసేవాళ్లకి ఊపిరితిత్తుల పరిమాణం పెరుగుతుందంటారు. పరుగు వల్ల పెరగకపోతే మరి ఆయాసం ఎందుకు తగ్గుతుంది?

---

మెట్ల_పరీక్ష (బెంగళూరు)

పెద్దవాళ్లలో మొత్తం పరిమాణాన్ని నిర్ణయించేది ఎత్తు, ఛాతీ ఆకారం, వయసు. పరుగుతో అది దాదాపు మారదు. ఈతగాళ్లలో పెద్ద విలువలు కనిపిస్తాయి. ఎదిగే వయసులో నీటి ఒత్తిడికి ఎదురు పీల్చడం ఒక కారణం, పొడుగాటి మొండెం ఉన్నవాళ్లే ఆ ఆటలో నిలబడడం ఇంకో కారణం. ప్రాణాయామం వల్ల శ్వాస కండరాల బలం, పూర్తిగా పీల్చి పూర్తిగా వదిలే నేర్పు పెరుగుతాయి. దానివల్ల వైటల్ కెపాసిటీ కొలతలో కొంత పెరుగుదల కనిపించవచ్చు. రొమ్ముగూడు పెద్దదైనందువల్ల వచ్చింది కాదది.

ఆయాసం తగ్గడానికి కారణం ఎక్కువగా కాళ్లలో ఉంది. శిక్షణతో కండరాల్లో మైటోకాండ్రియా, రక్తకేశనాళికలు పెరుగుతాయి, గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం పంపుతుంది. అదే వేగంలో లాక్టేట్ తక్కువ తయారవుతుంది, దాని ఆమ్లాన్ని తటస్థం చేయడంలో పుట్టే అదనపు కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాన్ని ఊదిపారేయాల్సిన గాలి తగ్గుతుంది. పాత వేగానికి ఇప్పుడు తక్కువ ఊపిరి చాలు.

ఆ మలుపుని పరికరం లేకుండా గుర్తించొచ్చు. వేగం పెంచుతూ పోతే ఒక చోట ఆక్సిజన్ వినియోగం కంటే నిమిషపు గాలి వేగంగా పెరగడం మొదలవుతుంది. వెంటిలేటరీ త్రెషోల్డ్ అంటారు. ఇంచుమించు అక్కడే పక్కనున్నవాళ్లతో పూర్తి వాక్యం హాయిగా మాట్లాడలేకపోతాం. ఇంకా పైకెళ్తే రెండో మలుపు, అక్కడ రెండు మూడు మాటలకి ఊపిరి తెగుతుంది. నెలల శిక్షణ తర్వాత ఈ రెండు మలుపులూ ఎక్కువ వేగం దగ్గరికి జరుగుతాయి. ఊపిరితిత్తుల పరిమాణం కొలుచుకోవడం కంటే ఇది గమనించడం మీకు ఎక్కువ పనికొస్తుంది.

ఆరోగ్యవంతుల్లో గట్టిగా పరిగెత్తినా ఊపిరితిత్తులు వాటి గరిష్ఠ హద్దుకి చేరవు. ఒక సెకనులో బలంగా వదిలే గాలిని 40తో గుణిస్తే నిమిషానికి వదలగల గరిష్ఠ గాలి ఉరామరిగా వస్తుంది. 3 లీటర్లుంటే 120. పరుగు చివర 90 వాడితే నాలుగో వంతు ఇంకా చేతిలో ఉన్నట్టే. సీఓపీడీ ఉన్నవాళ్లలో ఆ మిగులు దాదాపు సున్నా అవుతుంది, వాళ్లని ఆపేది ఊపిరితిత్తులే.

---

అడయార్_పీఎఫ్‌టీ (చెన్నై)

మేడమ్, సంచి వాడే ముందు లీకు పరీక్ష మర్చిపోకండి. సంచిని గాలితో నింపి క్లిప్పు పెట్టి, మీద ఒక పుస్తకం ఉంచి పది నిమిషాలు వదిలేయండి. కుంగితే అతుకుల దగ్గర సబ్బునీళ్లు రాసి చూడండి, బుడగ వచ్చిన చోట టేపు వేయండి. వాల్వులకీ అంతే. మౌత్‌పీస్‌లోంచి ఊదితే గది గాలి వచ్చే వాల్వు మూసుకోవాలి, పీలిస్తే సంచి వైపు వాల్వు మూసుకోవాలి. చెమ్మకి వాల్వు రెక్క అతుక్కుపోతుంది, ముగ్గురు నలుగురు చేశాక తీసి తుడవండి.

ప్రతి విద్యార్థికీ ఎత్తు కూడా రాయించండి, చెప్పులు విప్పించి కొలవాలి. ఎత్తు అడ్డగీత మీద, వైటల్ కెపాసిటీ నిలువుగీత మీద పెట్టి అబ్బాయిలకీ అమ్మాయిలకీ వేరే రంగుల చుక్కలు పెట్టించండి. ఇరవై మంది చాలు, వాలు స్పష్టంగా కనిపిస్తుంది. గుంపుకి దూరంగా పడ్డ చుక్క ఉంటే జబ్బని అనుకునే ముందు ఆ విద్యార్థితో ఇంకో రెండుసార్లు ఊదించండి. పెదవి పక్కన లీకో, చివరి అర లీటరు మిగిల్చడమో తొంభై పాళ్లు అక్కడే దొరుకుతుంది.